దీపావళి మరునాటి దెయ్యాలు

2011లో దీపావళి అక్టోబరు 26న, బుధవారం నాడు వచ్చింది. ఆ మరునాడు రాత్రి 8 గంటలకు, అట్లాంటా నగరం అంచున ఉన్న మా అద్దె ఫ్లాట్‌లో నేల మీద దుప్పటి పరచుకొని, నలుగురు అమ్మాయిలం ‘ది వ్యాంపైర్ డైరీస్’ మూడవ సీజన్‌లోని ఏడవ ఎపిసోడ్ చూశాము. దాని పేరు ‘ఘోస్ట్ వరల్డ్’. ఎనిమిది సీజన్లలో 171 ఎపిసోడ్లుగా సాగిన ఆ సీరియల్‌లో నేను చూడనివి చాలా తక్కువ. చూసినవాటిలో గుర్తున్నవి ఇంకా తక్కువ. ఎవరు ఎవరిని ప్రేమించారో, ఎవరి మెడ ఎవరు విరిచారో ఇప్పుడు అడిగితే తడుముకుంటాను. ఆ ఒక్క గురువారం మాత్రం, టీవీ పక్కన ముందురోజు ప్రమిదలో మాడి మిగిలిన వత్తితో సహా, కళ్ళకు కట్టినట్టు ఉంది.

మేము నలుగురమూ ఆ ఆగస్టులోనే చదువుకోవడానికి అమెరికా వచ్చినవాళ్ళము. ఊళ్ళ పేర్లతోనే ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళము. అందరికంటే మూడేళ్ళు పెద్దదీ, హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చినదీ గుంటూరు అక్క. మాట తక్కువ, చదువు ఎక్కువ అయిన వరంగల్ అమ్మాయి. ఏ కూర చేసినా చింతపండు పులుసు పోయనిదే తృప్తి పడని నెల్లూరు అమ్మాయి. తణుకు పక్క పల్లె నుంచి వచ్చిన నేను. ఆ ఫ్లాట్‌లో టీవీ మాకంటే ముందున్న సీనియర్లు వదిలిపెట్టి వెళ్ళినది. కేబుల్‌కు నెలనెలా డబ్బు కట్టే స్తోమత మాకు లేదు కాబట్టి, రెండు కడ్డీల యాంటెనా ఒకటి కొని, దానిని కిటికీ అద్దానికి టేపుతో అంటించి, 69వ ఛానెల్‌లో వచ్చే సీడబ్ల్యూ నెట్‌వర్క్ కార్యక్రమాలను చూసేవాళ్ళము. మా చిన్నప్పటి దూరదర్శన్‌లో బొమ్మ పాడైతే చుక్కలు చుక్కలుగా పాడయ్యేది, ఆ చుక్కల వెనక కథ నడుస్తూనే ఉండేది. ఇక్కడ డిజిటల్ ప్రసారం కదా, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, ఏడుస్తున్న మనిషి ఏడుస్తున్నట్టే బిగుసుకుపోయేది. అప్పుడు ఒకరు లేచి వెళ్ళి యాంటెనా కడ్డీని పట్టుకొని నిలబడాలి. వారానికి ఒకరి వంతు. ఆ గురువారం వంతు నాది.

ఆ సీరియల్‌ను మాకు అంటించినది గుంటూరు అక్కే. మొదటి రెండు సీజన్లనూ ఆమె హైదరాబాదులో ఉండగానే స్నేహితురాలి హార్డ్ డిస్క్‌లో చూసేసి వచ్చింది. కథ మధ్యలో చేరిన మాకు ఆమె జరిగినదంతా చెప్పే తీరు పురాణ కాలక్షేపం లాగే ఉండేది. వర్జీనియా రాష్ట్రంలో మిస్టిక్ ఫాల్స్ అనే ఊరు; ఆ ఊరిని నిలబెట్టిన పెద్ద కుటుంబాలు; 1864లో వ్యాంపైర్లుగా మారి, వయసు పెరగకుండా తిరుగుతున్న డేమన్, స్టెఫాన్ అనే అన్నదమ్ములు; ఇద్దరూ కోరుకునే ఎలీనా గిల్బర్ట్; ఆమె తమ్ముడు జెరమీ; మంత్రవిద్య తెలిసిన స్నేహితురాలు బానీ. ఎల్.జె. స్మిత్ నవలల ఆధారంగా కెవిన్ విలియమ్సన్, జూలీ ప్లెక్ రూపొందించిన ఆ సీరియల్ 2009 సెప్టెంబరు 10న మొదలయింది. నవలలు నేను చదవలేదు. చదవాలని అనిపించనూ లేదు.

వ్యాంపైర్ అనే మాటకు సరిపోయే తెలుగు మాట కోసం మేము కొన్నాళ్ళు వెతుక్కున్నాము. రక్తపిశాచి అంటే అర్థం కుదురుతుంది గాని, నల్ల తోలు కోటు వేసుకొని, చేతిలో విస్కీ గ్లాసుతో సోఫాలో వాలి వెటకారాలాడే డేమన్‌ను పిశాచి అనడానికి నోరు రాదు. బేతాళ కథలను ఇంగ్లీషులో చెప్పిన రిచర్డ్ బర్టన్, 1870లో అచ్చయిన తన పుస్తకంలో బేతాళుణ్ణి ఏకంగా వ్యాంపైర్‌ను చేసేశాడని తరువాత ఎప్పుడో చదివి నవ్వుకున్నాను. చందమామ చదివి పెరిగినవాళ్ళకు తెలుసు, మన బేతాళుడు ఎవరి నెత్తురూ తాగడు. శవంలో దూరి, మోసేవాడి భుజం మీద దర్జాగా కూర్చొని, కథ చెప్పి, చివర చిక్కు ప్రశ్న వేస్తాడు.

పిలవనిదే వ్యాంపైర్ ఒకరి ఇంట్లో అడుగు పెట్టలేదన్న నియమం మాత్రం మాకు వెంటనే నచ్చింది. మా చిన్నప్పుడు వీధిలో తలుపుల మీద సుద్దముక్కతో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిన రోజులు నాకూ, గుంటూరు అక్కకూ బాగా గుర్తు. మన దెయ్యం చదువుకున్నది, మర్యాద తెలిసినది. గుమ్మం దాకా వచ్చి, రాసినది చదివి, ఆ మాటకు కట్టుబడి వెనుదిరిగి, మరునాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అదే చదువుకునేది. వాళ్ళ వ్యాంపైర్‌కు ఆ మర్యాద లేదు, కట్టుబాటు మాత్రమే ఉంది. ఒక్కసారి లోపలికి రమ్మంటే చాలు, ఇక ఆ గడప అతన్ని ఆపదు.

ఆ ఏడాది మా ఇంట్లో దీపావళి లేదు. నేను అట్లాంటాలో దిగిన మూడు వారాలకు, సెప్టెంబరు మొదట్లో, మా మామ్మ పోయింది. నాయనమ్మను మా గోదావరి జిల్లాల్లో మామ్మ అనే అంటాము. తరగతులు అప్పుడే మొదలయ్యాయి. టిక్కెట్టుకు డబ్బు లేదు. ఉన్నా, “నువ్వొచ్చేసరికి ఇక్కడేముంటుంది తల్లీ” అని నాన్న ఫోనులో అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. పన్నెండు రోజుల కార్యక్రమాలూ నాకు ఫోనులో వినబడ్డ చప్పుళ్ళుగానే జరిగిపోయాయి. ఏటిసూతకం కాబట్టి ఇంట్లో పండుగలు చేయకూడదు. ఏడు సముద్రాల ఇవతల ఉన్నదానికి ఆ నియమం వర్తిస్తుందో లేదో అడగడానికి మనసొప్పక, నేను కూడా ఆ బుధవారం సాయంత్రం దీపం వెలిగించలేదు. మిగిలిన ముగ్గురూ ఎనిమిది ప్రమిదలు పెట్టి, పార్కింగు స్థలంలో రెండు పెట్టెల కాకరపువ్వొత్తులు కాల్చారు. ఆ రోజుల్లో జార్జియా రాష్ట్రంలో మామూలు మనుషులు కాల్చుకోవడానికి చట్టం ఒప్పుకున్నది ఇంచుమించు అంతవరకే. టపాకాయల సంగతి 2015 దాకా తేలలేదు. నేను మెట్ల మీద కూర్చొని చూశాను.

చూస్తున్నంతసేపూ నాకు గుర్తుకొచ్చినవి మా ఊరి దివిటీలు. దీపావళి నాటి సాయంత్రం, టపాకాయల బుట్టను ముట్టుకోవడానికి ముందు, మామ్మ పిల్లలందరినీ వీధి గుమ్మం ముందు వరుసగా నిలబెట్టేది. గోగు కాడల చివర పాత తెల్ల పంచె పీలికలను వత్తులుగా కట్టి, నువ్వుల నూనెలో ముంచి, వెలిగించి తలా ఒకటి చేతికిచ్చేది. ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి’ అంటూ ఆ కాడను తిప్పి మూడుసార్లు నేలకు కొట్టి, అక్కడే పడేసి, వెనక్కి చూడకుండా లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఆమె నోట్లో పెట్టే తీపి తినాలి. మహాలయ పక్షంలో మన ఇళ్ళకు వచ్చిన పెద్దలు ఆ వెలుగులో దారి చూసుకొని తిరిగి వెళతారని ఆమె చెప్పేది. “వచ్చినవాళ్ళు వెళ్ళాలి కదే, చీకట్లో ఎలా వెళతారు?” అనేది. వెనక్కి చూస్తే ఏమవుతుందని అడిగితే, “చూస్తే వాళ్ళకి కాళ్ళాడవు” అనేది. నేను ప్రతి ఏడూ చూసేదాన్ని. కింద పడి మండుతున్న కాడలు, వాటి చుట్టూ చీకటి, అంతే. ఎవరూ కనబడేవారు కాదు.

మరునాటి ఎపిసోడ్‌లో మిస్టిక్ ఫాల్స్‌లోనూ దీపాల పండుగే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నైట్ ఆఫ్ ఇల్యూమినేషన్’. ఊరి నడిబొడ్డున చెట్లకు, స్తంభాలకు లాంతర్లు కట్టి, చీకటి పడ్డాక వెలిగించి, ఊరి చరిత్రను తలచుకుంటారు. తెర మీద లాంతర్లు కనబడగానే నెల్లూరు అమ్మాయి “వీళ్ళకి కూడా తిథి ద్వయం వచ్చినట్టుంది, ఈ రోజు చేసుకుంటున్నారు” అంది. నాలుగు రోజుల్లో రాబోయే హాలోవీన్ కోసం ఆ దెయ్యాల ఎపిసోడ్‌ను ఆ వారానికి కుదుర్చుకొని ఉంటారని అప్పుడు మాకు తట్టలేదు.

దెయ్యాలు రావడానికి కారణం అంతకు ముందు సీజన్ చివరలో ఉంది. తుపాకి గుండు తగిలి జెరమీ చనిపోతే, బానీ చనిపోయిన మంత్రగత్తెల ఆత్మలను వేడుకొని అతన్ని బతికిస్తుంది. అలా తెచ్చుకున్న ప్రాణంతో పాటు ఒక సందు కూడా తెరుచుకుంటుంది. జెరమీకి తాను ప్రేమించి పోగొట్టుకున్న ఇద్దరమ్మాయిలు, విక్కీ, ఆనా, కనబడడం మొదలవుతుంది. ‘ఘోస్ట్ వరల్డ్’ నాటికి ఆ సందు తలుపంత అయింది. తీరని పని మిగిలిపోయిన దెయ్యాలన్నీ అందులోంచి వచ్చి, అందరికీ కనబడుతూ, తాకితే చేతికి తగులుతూ, లాంతర్ల వెలుగులో ఊరంతా తిరుగుతాయి. నాకు నచ్చినది ఇదే. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, గజ్జెల చప్పుడు ఏవీ లేవు. వచ్చినవాళ్ళందరూ పోయిన రోజున ఎలా ఉన్నారో అలాగే, మామూలు బట్టల్లో, సెలవుకు ఊరొచ్చినవాళ్ళలా ఉంటారు.

వాళ్ళలో మేసన్ లాక్‌వుడ్ అనే తోడేలు మనిషి ఒకడు. రెండవ సీజన్‌లో డేమన్ అతని గుండెను పెరికి చంపాడు. ఈ ఎపిసోడ్‌లో డేమన్ కుర్చీకి గొలుసులతో కట్టేసి ఉంటాడు, కాలిన ఇనుప చువ్వ అతని ఛాతీలో దిగుతుంది, దించుతున్న చెయ్యి మాత్రం కనబడదు. పగ తీర్చుకోవడానికి మేసన్ వచ్చాడని మనం అనుకుంటాము. తీరా అతనికి కావలసినవి ఒక క్షమాపణ, తన అన్న కొడుకు టైలర్‌ను కాపాడే దారి. తప్పయిందన్న మాట నోటివెంట రావడానికి డేమన్ పడే యాతనను ఇయాన్ సోమర్‌హాల్డర్ ఎంత బాగా చూపాడంటే, ఆ పాత్ర అంతవరకూ చేసిన హత్యలన్నీ ఆ రెండు నిమిషాలలో మాఫీ అయిపోయాయని గుంటూరు అక్క ప్రకటించింది. వరంగల్ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ తరువాత ఇద్దరూ నేలమాళిగ కింద సొరంగంలోకి దిగడం, చివర గుహలోకి డేమన్ అడుగు పెట్టలేకపోవడం, స్నేహితుడు అలారిక్ ఒక్కడే వెళ్ళి గోడ మీద బొమ్మలు చూడడం, ఇదంతా రాబోయే కథకు వేసిన పునాది. నాకు అంతగా పట్టలేదు.

1864లో చర్చి కింద సమాధిలో మూతపడిన వ్యాంపైర్లలో కొందరు కూడా వస్తారు. ఊరిని స్థాపించిన కుటుంబాల వారసుల మీద వాళ్ళకు పగ. పండుగను నడిపిస్తున్న ఫెల్ వంశస్థుణ్ణి చంపేస్తారు. ఇక్కడే వరంగల్ అమ్మాయి ఒక మాట అంది, అది ఇప్పటికీ నాతో ఉంది. 1864 అంటే అంతర్యుద్ధం జరుగుతున్న కాలం. వర్జీనియా బానిసల శ్రమ మీద బతికిన రాష్ట్రం. అటువంటి ఊళ్ళో, తీరని అన్యాయం ఉన్న ఆత్మలన్నీ లేచి వచ్చిన రాత్రి, బానిసగా బతికి చచ్చినవాళ్ళు ఒక్కరైనా ఎందుకు రాలేదు అని. పైగా ఆ తెరిచిన తలుపును మూసే చాకిరీ అంతా నల్లజాతి పిల్ల అయిన బానీ మీదే పడింది. ఆ సీరియల్‌ను ఇష్టపడ్డవాళ్ళము ఈ ప్రశ్నను దాటవేసి ఇష్టపడలేము.

బానీ తన స్నేహితురాలు కేరొలైన్‌తో కలిసి, మంత్రగత్తెలు చచ్చిపోయిన పాత ఇంట్లో కూర్చొని తలుపు మూసే మంత్రం చేస్తుంది. కొవ్వొత్తుల నడుమ ఆమె చేతులను ఎవరో వచ్చి పట్టుకుంటారు. చూస్తే బానీ అమ్మమ్మ. ఇంగ్లీషులో ‘గ్రామ్స్’ అని పిలుస్తుంది. మొదటి సీజన్‌లోనే, మనవరాలి కోసం శక్తికి మించిన మంత్రం చేసి, మంచం మీద నిద్రలోనే పోయిన అమ్మమ్మ. జాస్మిన్ గై అనే నటి వేసింది. రాగానే మనవరాలిని కౌగిలించుకొని ఏడుస్తుందని అనుకుంటే, ముందు తిడుతుంది. చేయకూడని పని చేశావని, ఆ సందు దొరకబుచ్చుకొని అవతల ఉన్న పాతకాలపు మంత్రగత్తె తలుపును బార్లా తెరిచి పట్టుకుందని, ఆమె తాయెత్తును నాశనం చేస్తే గాని తలుపు మూతపడదని చెబుతుంది. తిట్టి, పని పురమాయించిన తరువాతే దగ్గరకు తీసుకుంటుంది. అమ్మమ్మలూ మామ్మలూ అందరూ ఇంతే కాబోలు. నేను అప్పటికే కిటికీ దగ్గర యాంటెనా కడ్డీని పట్టుకొని నిలబడి ఉన్నాను కాబట్టి ఎవరూ నా ముఖం చూడలేదు.

తాయెత్తు ఎక్కడుంది అన్నదే మిగిలిన కథ. అది ఎలీనా మెడలో ఉండే గొలుసే. దానిని ఆనా దొంగిలిస్తుంది. ఆనా చెడ్డ పిల్ల కాదు. మొదటి సీజన్ చివర చనిపోయిన వ్యాంపైర్. తల్లి పెర్ల్ కూడా ఆ దగ్గరలోనే హతమయింది. పోయాక తల్లిని కలుస్తానని అనుకుంటే అవతల ఎవరూ కనబడరు. చనిపోయినవాళ్ళందరూ అక్కడే ఉన్నా ఒకరికొకరు దొరకని చోటు అది. ఈ లోకంలో తనను చూడగలిగినవాడు, తలచుకొనేవాడు జెరమీ ఒక్కడే కాబట్టి అతని దగ్గరే ఉండిపోవాలని ఆమె ఆశ. అతనికీ ఆమెను పంపడం ఇష్టం లేదు. బానీకి ప్రియుడై ఉండి కూడా అతను ఆనాను ముద్దుపెట్టుకోవడం, అది బయటపడడం, బానీ మనసు విరిగిపోవడం జరుగుతాయి. ఆ కోపం న్యాయమైనదే. కాని నాకు ఆ ప్రేమ గొడవ వినబడలేదు. చూస్తే వాళ్ళకి కాళ్ళాడవు అన్న మాటే వినబడుతోంది. ఆ కుర్రవాడు ఆరు వారాలుగా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇదే చిక్కు మరో చోట ఎలీనాకు ఎదురవుతుంది. క్లాస్ అనే శత్రువు వశీకరణకు లోబడి, దయ, జాలి అన్నీ ఆర్పేసుకొని రాక్షసుడిలా తయారైన స్టెఫాన్‌ను దారికి తేవడానికి అతని పాత స్నేహితురాలు లెక్సీ ప్రేతలోకం నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆమెను చంపినది కూడా డేమనే. స్టెఫాన్‌ను గొలుసులతో కట్టేసి, ఎలీనాను పక్కన పెట్టుకొని, కఠినంగా వైద్యం చేస్తుంటుంది. ఆమె ఒక్కతే ఆ పని చేయగలదు. తలుపు మూస్తే ఊరు బతుకుతుంది, లెక్సీ మాయమవుతుంది, స్టెఫాన్ అలాగే మిగిలిపోతాడు. మూసేయమనే ఎలీనా చెబుతుంది. లెక్సీ కూడా అదే సరైనదంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె లేకుండా పోతుంది. గొలుసుల్లో ఉన్న స్టెఫాన్‌లో ఒక్క కండరం కదలదు. చివరికి అతను మారిపోతాడని ఆశ పెట్టిన రచయితలు అలా మార్చకుండా వదిలేసినందుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

చివరకు ఆనా తానే గొలుసు దొంగతనం ఒప్పుకొని ఇచ్చేస్తుంది. బానీ నిప్పు రాజేసి మంత్రం చదువుతుంది. ఆనా వీధిలో, లాంతర్ల వెలుగులో నిలబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడు మా టీవీలో బొమ్మ గళ్ళు పడింది. వెనక నుంచి ముగ్గురూ ఒకేసారి అరిచారు. నేను కడ్డీని ఎత్తి, ఒక అడుగు పక్కకు జరిగి, చెయ్యి పైకి చాపి నిలబడ్డాను. బొమ్మ వచ్చింది. ఆ స్థితిలో నాకు టీవీ ఏటవాలుగా మాత్రమే కనబడుతోంది. ఎదురుగా ఉన్న కిటికీ అద్దంలో మాత్రం తెర మొత్తం ప్రతిబింబిస్తోంది. అద్దానికి అవతల మా పార్కింగు స్థలం, అందులో ముందురోజు కాల్చి పడేసిన కాకరపువ్వొత్తుల తీగలు, వాటి మీద తేలుతున్నట్టుగా మిస్టిక్ ఫాల్స్ వీధి. ఆ వీధి చివర పెర్ల్ నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ వెతుకుతూనే ఉన్నానని కూతురితో అంటుంది. తల్లీకూతుళ్ళు కౌగిలించుకొంటారు. జెరమీ దూరం నుంచి చూస్తూ ఉండగానే, దీపం కొండెక్కినంత నెమ్మదిగా ఇద్దరూ లేకుండా పోతారు.

కదిలితే బొమ్మ పోతుందని ప్రకటనలు వచ్చే దాకా నేను చెయ్యి దించలేదు.

ఈ సీరియల్ మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ ప్రేతలోకాన్ని రచయితలు తరువాత ధర్మసత్రం చేసేశారు. అయిదవ సీజన్ చివరి ఎపిసోడ్‌లో, 2014 మే నెలలో, ఆ లోకమే కూలిపోవడం, కూలేలోగా సందు చూసుకొని అరడజను మంది ఇవతలికి దూకేయడం చూశాక చావుకు ఉన్న బరువే పోయింది. 2017 మార్చి 10న చివరి ఎపిసోడ్ వచ్చే నాటికి అలవాటు కొద్దీ చూడడమే మిగిలింది. ఒక్క రాత్రికి వచ్చి, పని ఉన్నా లేకపోయినా తెల్లవారేలోగా వెళ్ళిపోయిన ‘ఘోస్ట్ వరల్డ్’ దెయ్యాలే నాకు నిజమైన దెయ్యాలు.

ఎపిసోడ్ అయ్యేసరికి రాత్రి 9 అయింది. ఇండియాలో శుక్రవారం ఉదయం ఆరున్నర. నాన్న కాఫీ తాగే వేళ. ఫోను చేశాను. అంతరాత్రప్పుడు ఎందుకు చేశావని కంగారు పడ్డారు. ఇక్కడ తొమ్మిదే కదా అంటే సర్దుకున్నారు. కాసేపు పరీక్షల గురించి, చలి గురించి మాట్లాడి, చివరకు దివిటీల సంగతి అడిగాను.

“మనకి ఈ ఏడు పండగ లేదు కదమ్మా,” అన్నారు. కొంచెం ఆగి, “పక్కింటి పిల్లలు వాళ్ళ గుమ్మం ముందు కొడుతుంటే అరుగు మీద కూర్చున్నాను. మన వాకిట్లో కూడా ఒకటి కొట్టి పొండిరా అన్నాను. వాళ్ళకి సూతకం లేదు కదా” అన్నారు.

అది శాస్త్రం ఒప్పుకునే పనో కాదో నాకు తెలియదు, నాన్నకు కూడా తెలిసి ఉండదు. ఆ మాట విన్న తరువాత అడగడానికి నాకేమీ మిగలలేదు. అమ్మ ఫోను తీసుకొని, అన్నం తిన్నావా అని అడిగింది.

మరుసటి మార్చిలో, అప్పటికి గుంటూరు అక్క ఒక పాత కారు కొనుక్కుంది కాబట్టి, నలుగురమూ కోవింగ్టన్ వెళ్ళాము. సీరియల్‌లోని మిస్టిక్ ఫాల్స్ వీధులు నిజానికి ఆ ఊరివే. అట్లాంటా నుంచి తూర్పుగా 20వ నంబరు హైవే మీద గంటలోపు ప్రయాణం. జార్జియాలో వసంతం వస్తే దేవదారు జాతి చెట్ల పుప్పొడి రాలి కార్లు, రోడ్లు, బెంచీలు అన్నీ పచ్చబడిపోతాయి. ఊరంతా పేరంటానికి పసుపు రాసుకున్నట్టుంది అని నెల్లూరు అమ్మాయి అంది. సీరియల్‌లో కనబడే గడియారపు స్తంభం అసలు న్యూటన్ కౌంటీ కోర్టు భవనానిది, 1884లో కట్టినది. 1864 నవంబరులో, అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని అయిన షెర్మన్ సైన్యం సముద్రం వైపు నడుస్తూ వెళ్ళినది కూడా ఈ ఊరి మీదుగానే. కథలోని సంవత్సరమూ, ఆ ఊరి అసలు గాయం సంవత్సరమూ ఒకటే కావడం రచయితలకు తెలిసి జరిగిందో, తెలియక జరిగిందో. నడిబొడ్డున ఉన్న పచ్చిక టీవీలో కనబడినంత పెద్దది కాదు. పది నిమిషాలలో చుట్టు తిరిగి వచ్చేశాము. లాంతర్లు వేలాడిన చెట్లు ఏవో గుర్తుపట్టడానికి ప్రయత్నించాను. పగటి వెలుగులో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

2012లో దీపావళి నవంబరు 13న, మంగళవారం వచ్చింది. సెప్టెంబరులో మామ్మ సంవత్సరీకం అయిపోయింది, సూతకం తీరింది. అట్లాంటాలో గోంగూర దొరుకుతుంది గాని గోగు కాడలు ఎవరిస్తారు. చేతిపనుల సామాను దుకాణంలో నాలుగు సన్నని కర్రలు కొన్నాను. తెల్ల పంచె లేదు, పాత బనీను చింపాను. నువ్వుల నూనె మాత్రం ఇండియన్ స్టోరులో దొరికింది. చీకటి పడ్డాక నలుగురమూ పార్కింగు స్థలంలో, కార్లకు దూరంగా నిలబడ్డాము. వరంగల్ అమ్మాయికి ఈ ఆచారం కొత్త, వాళ్ళ ఇంట్లో లేదట. అయినా పాట రెండుసార్లు చెప్పించుకొని నేర్చుకుంది. వెలిగించి, తిప్పి, మూడుసార్లు తారు నేలకు కొట్టి, పడేశాము. నెల్లూరు అమ్మాయి బకెట్టుతో నీళ్ళు పట్టుకొని పక్కనే సిద్ధంగా ఉంది. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళంటే ఆమెకు దెయ్యాల కంటే ఎక్కువ భయం.

నేను మెట్లెక్కి లోపలికి వచ్చేశాను. గుంటూరు అక్క కజ్జికాయ ఒకటి విరిచి నా నోటి దాకా తెచ్చి, ఠక్కున ఆపేసింది.

“కాళ్ళు కడుక్కున్నావా?” అంది.